‘ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్’ అసలు పాట ఎవరిది?

విజయనగరం రాక్ అభిమానులు అమెరికన్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌దిగా భావించే ఈ ఇంగ్లీషు పాటను రాసి, బాణీ కట్టి, 1967లో తొలిసారి రికార్డు చేసినవారు అమెరికన్ గాయకుడు, గీత రచయిత బాబ్ డిలన్. 1968లో వచ్చిన హెండ్రిక్స్ పాట దానికి కవర్. ఒకరు ముందే రికార్డు చేసిన పాటను మరొకరు పాడితే దానిని కవర్ అంటారు; సాహిత్యాన్నీ బాణీ మూలాన్నీ నిలుపుకొని, వాద్యాలనూ నడకనూ తన మనోధర్మానికి తగినట్టు మలచుకోవచ్చు. డిలన్ అకూస్టిక్ గిటారు, మౌతార్గాన్‌లతో నిరాడంబరంగా పాడిన పాటను హెండ్రిక్స్ ఎలక్ట్రిక్ గిటారుతో ఉప్పెనగా మార్చారు. ఆ మార్పు ఎంత గొప్పదంటే, తరువాతి కచేరీలలో డిలన్ కూడా ఆ ధోరణికే దగ్గరగా పాడారు. ఎక్కువ పేరు పొందినదే అసలు పాట అనుకోవడం పొరపాటు. కవర్‌ను నకలుగా చిన్నచూపు చూడటమూ సరికాదు: 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న విజయనగరంలో, ఒకే త్యాగరాజ కృతిని ఒక్కొక్కరు ఒక్కో తీరుగా పాడటం శ్రోతలకు కొత్త కాదు.