గోదావరి డెల్టా అంత పచ్చగా ఉంటే గల్ఫ్ వలసలెందుకు?

"ధనిక దేశాల్లోనూ ప్రాంతాల మధ్య తేడాలుంటాయా? గోదావరి జిల్లాల్లాంటి చోట పేదరికం ఎందుకుంది?" అని అడిగారు.

మాది గోదావరి డెల్టాలోని కోనసీమ, రాజోలు వైపు పల్లె. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు తూర్పు జర్మనీలో, లైప్‌జిగ్‌లో ఉన్నాను. తేడాలు రెండు చోట్లా ఉన్నాయి. వెనకబడిన చోట పుట్టినవాడికి ఎవరు ఆసరా అన్న దగ్గరే దారులు వేరవుతాయి.

1990లో రెండు జర్మనీలు కలిశాక తూర్పున ప్రభుత్వ ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డాయి, కుర్రాళ్లు పడమటికి పోయారు. జీతాలు అక్కడ ఇప్పటికీ తక్కువే. కానీ 1991లో ఆదాయపు పన్ను మీద అదనపు పన్ను మొదలెట్టారు, దశాబ్దాలపాటు తూర్పుకి నిధులు పంపారు. 2023 జులై నుంచి పింఛను లెక్క కూడా రెండు వైపులా ఒకటే. మా పక్కింటి పెద్దావిడ పిల్లలు మ్యూనిక్‌లో స్థిరపడ్డారని రోజూ సణిగేది. మందులకీ ఇంటి అద్దెకీ మాత్రం వాళ్ల వైపు చూసేది కాదు.

మా వైపు ఆ ఆసరా కువైట్, మస్కట్, దుబాయ్. అదీ ఎక్కువగా ఆడవాళ్ల కష్టం మీద. పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలేసి ఇళ్లలో పనికి వెళ్తారు. మా వీధిలో లేచిన డాబాల్లో సగానికి పైగా ఆ డబ్బే.

ఇక పేదరికం ఎందుకంటారా, 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. సుమారు పది లక్షల ఎకరాలకు నీళ్లొచ్చాయి సరే, ఆ భూమి ఎవరిది? మా నాన్న కౌలుకు చేసిన చేను ఆసామిది, ఆయనుండేది హైదరాబాదులో. సార్వా, అంటే వానాకాలం పంట గింజలు దాదాపు మక్తాకే, అంటే ఆసామికి కొలిచే కౌలుకే సరిపోయేవి. పంట మునిగినా బస్తాలు కొలవాల్సిందే. భూమి పాసు పుస్తకం ఆయన పేరు మీద ఉంటుంది కాబట్టి బ్యాంకు అప్పూ ఆయనకే, మాకు వడ్డీ వ్యాపారి. ఇంటికి మిగిలేదల్లా దాళ్వా, అంటే రెండో పంట. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి, సార్వా వెయ్యమంటే, అన్నం పెట్టే గడ్డ మీద ఇదేం చోద్యం అని పట్నం బంధువులు ఆశ్చర్యపోయారు. పెట్టుబడి రాని సేద్యం ఎవరు చేస్తారండీ! మురుగు కాలవల పూడిక సంగతి మొదలెడితే ఈ జవాబు తెల్లారదు.

ఇందులో ఇంకో మెట్టు ఉంది, మా వాళ్లే దాని ఊసెత్తరు. వేసవిలో గోదావరి సన్నబడ్డాక దాళ్వాని గట్టెక్కించేది చాలావరకు పైనుంచి వదిలే సీలేరు నది నీళ్లే. అవి వచ్చేది మన్యం కొండల నుంచి, గిరిజనులుండే చోటు నుంచి. ఆ మన్యంలోనే రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. దాళ్వా చేతికొచ్చిన ఏడు మా ఇంట్లో పండగ, ఆ నీళ్లు ఏ కొండ దిగొచ్చాయో అడిగిన గుర్తు నాకు లేదు.

మీరు లెక్కలు చూడాలనుకుంటే జిల్లా సగటుని నమ్మకండి. 2022 ఏప్రిల్ దాకా మన్యంలోని రంపచోడవరం, కోనసీమలోని అమలాపురం ఒకే తూర్పుగోదావరి జిల్లా. తర్వాత మన్యాన్ని అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిపారు, కోనసీమ వేరైంది. సగటు రెండు చోట్లా మారిపోతుంది, ఎవరి కంచంలోనూ ఒక్క మెతుకు మారకుండానే. మండలాల వారీగా చూడండి, వీలైతే కౌలు కింద ఎంత సాగవుతోందో కూడా.