ఆరు నెలల కోర్సుకు మూడు రూపాయల మిత్తా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ అయ్యాక పెళ్లి చేశారు. ఇప్పుడు 24 ఏళ్లు, మూడేళ్ల బాబు ఉన్నాడు. మా ఆయన ఆటో నడుపుతాడు. ఖర్చులు పోను నెలకు 3 వేలు మిగిలితే ఎక్కువ. నల్లగొండలో ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ ఆరు నెలల్లో ఫ్లెబాటమీ, అంటే రక్తం తీసే పని నేర్పి ఉద్యోగం చూపిస్తామంటోంది. ఫీజు 60 వేలు. ఊళ్లో నూటికి మూడు రూపాయల మిత్తికి ఇస్తామంటున్నారు. నాకు రెండు తులాల బంగారం ఉంది, చిట్టీ ఎత్తితే 25 వేలు వస్తాయి. ఏం చేయమంటారు?

జవాబు: పని నేర్చుకోండి చెల్లెమ్మా. ఆ అప్పు మాత్రం వద్దు.

మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం. 60 వేలకు నెలకు 1,800. కోర్సు నడిచే ఆరు నెలల్లోనే, జీతం మొహం చూడకముందే 10,800 కట్టాలి. ఉద్యోగం వచ్చాక నెలనెలా 3 వేలు కట్టినా అప్పు తీరడానికి 31 నెలలు పడుతుంది. మొత్తం కలిపితే లక్షా మూడు వేలు దాటుతుంది. ఇక ‘ఉద్యోగం చూపిస్తాం’ అన్న మాట ఫీజు రసీదు మీద రాసిస్తారేమో అడిగి చూడండి. రాయరు.

బైపీసీ చదివిన మీకు అంతకంటే మంచి దారి ఉంది. తెలంగాణ పారామెడికల్ బోర్డు కింద రెండేళ్ల డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా. రక్తం తీయడంతో పాటు పరీక్ష చేయడమూ వస్తుంది. చిన్న ల్యాబుల్లో ఈ రెండు పనులూ ఒక్క మనిషే చేయాలి, కాబట్టి రక్తం తీయడం ఒక్కటే వచ్చినవాళ్లకు అక్కడ గిరాకీ తక్కువ. సర్కారు ఉద్యోగాలకూ ఈ చదువే పనికొస్తుంది. 2024లో రాష్ట్రంలో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు డీఎంఎల్‌టీ లాంటి అర్హతతో పాటు బోర్డులో రిజిస్ట్రేషన్ కూడా అడిగారు. ఈ కోర్సులో చేరడానికి నోటిఫికేషన్ పారామెడికల్ బోర్డు వెబ్‌సైట్‌లో వస్తుంది. ముందు సర్కారు కాలేజీ సీటుకే ప్రయత్నించండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే మీసేవలో తీసి పెట్టుకుంటే స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఉరుకులాట ఉండదు. బస్సు ఖర్చు ఎలాగూ లేదు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచితమే.

బాబు చిన్నోడు, రెండేళ్లు కుదరదంటారా? అది నేను కాదనలేను, ఇంటి సంగతి మీకే తెలుసు. అప్పుడు ఆరు నెలల కోర్సే సరే. కానీ డబ్బు కట్టే ముందు అక్కడ ఇప్పుడు చదువుతున్న ఒక అమ్మాయిని పక్కకు పిలిచి అడగండి: ఆసుపత్రికి రోజూ తీసుకెళ్తున్నారా, బొమ్మ చేయి మీదే పొడిపిస్తున్నారా? టోర్నికెట్, అంటే చేతికి బిగించే పట్టీ కట్టి, నరం వేలితో తడిమి పట్టుకోవడం మనుషుల మీద చేస్తేనే వస్తుంది. సీబీపీకి, అంటే రక్తకణాల పరీక్షకు ఊదా మూత ట్యూబు, షుగర్‌కు బూడిద మూత, ఏది ముందు నింపాలి, ఎన్నిసార్లు తిప్పాలి అన్నవి కూడా పొద్దున పరగడుపు రోగుల వరుస ముందు నిలబడితేనే వేళ్లకు అలవాటవుతాయి. ఇది లేని కోర్సుకు 60 వేలు కాదు, 6 వేలు కూడా దండగ.

డబ్బు మాటకొస్తే, చిట్టీ ఎత్తండి. మిగతా 35 వేలకు మీరు మహిళా సంఘంలో ఉంటే ముందు అక్కడ అడగండి. అక్కడ కాకపోతే ఒక తులం బ్యాంకులో కుదువ పెట్టండి. ప్రభుత్వ బ్యాంకులో మిత్తి నూటికి రూపాయి లోపే ఉంటుంది, నెలకు 350 దాటదు. రెండో తులాన్ని ముట్టకండి. ఆటో రిపేరుకొచ్చిన నెల ఇల్లు నడవడానికి అదే దిక్కు.

ఫీజు ఒకేసారి కట్టవద్దు, మూడు విడతలు అడగండి. ఏ కోర్సులో చేరినా సూది పట్టకముందే హెపటైటిస్-బీ టీకా మొదలుపెట్టండి. మూడు డోసులు, మొత్తం ఆరు నెలలు పడుతుంది.