రూల్స్ గోడకు అంటించినా రోబోటిక్స్ టీమ్‌లో ఎవరూ పట్టించుకోకపోతే ఏం చేయాలి?

సేఫ్టీ రూల్స్ ప్రింట్ తీసి గోడకు అంటించినా టీమ్‌లో ఎవరూ పాటించడం లేదని, చెప్పీ చెప్పీ విసుగొస్తోందని రాశారు. స్టూడెంట్‌గా రోబోటిక్స్ టీమ్‌లో పనిచేసి, తర్వాత జూనియర్లకు మెంటర్‌గా ఉన్న అనుభవంతో చెబుతున్నాను.

కొత్తవాళ్లు గోడ మీది కాగితం చదవరు, సీనియర్ల చేతుల వంక చూస్తారు. "ఒక్క రంధ్రమే కదా" అని కెప్టెన్ సేఫ్టీ గ్లాసెస్ లేకుండా డ్రిల్ పట్టుకుంటే ఆ రూల్ అక్కడితో పోయినట్టే. కాబట్టి ముందు సీనియర్లతో విడిగా మాట్లాడండి. గ్లాసెస్ బీరువాలో కాకుండా తలుపు పక్కనే పెట్టండి. కళ్లజోడు ఉన్నవాళ్లకు దాని మీద పట్టే రకం కొనండి. మా దగ్గర కొందరు పెట్టుకోకపోవడానికి అసలు కారణం అదే.

ఏ రూల్ అయినా కారణంతో కలిపి చెప్పండి. డ్రిల్ ప్రెస్ (స్టాండుకు బిగించిన డ్రిల్ మెషీన్) దగ్గర గ్లవ్స్ వేసుకోవద్దంటే కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. తిరిగే బిట్ గ్లవ్‌ను పట్టిందంటే చేతిని కూడా లాగేస్తుందని చెబితే మళ్లీ చెప్పక్కర్లేదు. మెడలో ఐడీ కార్డు, వదిలేసిన జుట్టు కూడా అంతే.

అన్నిటికంటే ముఖ్యం, తప్పు జరిగిందని చెప్పడానికి ఉండే భయం పోగొట్టడం. మా టీమ్‌లో ఒక జూనియర్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉబ్బిందని గమనించాడు. డబ్బు కట్టమంటారేమోనని ఎవరికీ చెప్పకుండా మిగతా వాటితో పాటు పెట్టేశాడు. ఇంకొకరు దాన్ని ఛార్జర్‌కు తగిలించబోతూ చూసి ఆగారు. ఉబ్బిన లైపోను ఛార్జ్ చేస్తే అంటుకునే ప్రమాదం ఉంది, ఆ మంట ఆర్పడం చాలా కష్టం. ఆ తర్వాత మేం పెట్టుకున్న మాట ఒకటే: చెప్పినవాళ్లను తిట్టం, డబ్బు అడగం. తృటిలో తప్పినవి రాయడానికి ఒక నోట్‌బుక్ పెట్టాం, అందులో పేర్లుండవు. డ్రిల్ చక్‌లో (బిట్‌ను పట్టి ఉంచే భాగంలో) దాన్ని బిగించే కీ వదిలేసి స్విచ్ వేయబోవడం, రెంచ్ జారి బ్యాటరీ టెర్మినళ్ల మీద పడబోవడం లాంటివన్నీ అందులోకి వచ్చాయి. టెర్మినళ్లకు తొడుగులు వేయాలన్న ఆలోచన కూడా అక్కడినుంచే వచ్చింది. ఛార్జింగ్ జరుగుతున్నంతసేపూ ఒకరు అక్కడే ఉండాలని, కొన్నాళ్లు వాడని లైపోలను సెల్‌కు 4.2 వోల్టుల ఫుల్ ఛార్జ్‌లో వదలకుండా 3.8 దగ్గర ఉంచాలని కూడా రాసుకున్నాం.

రోబో దగ్గర మాత్రం ప్రతి మాటా అందరికీ వినపడాలి. ఆన్ చేసే ముందు డ్రైవర్ గట్టిగా చెప్పాలి, చుట్టూ ఉన్నవాళ్లు "చేతులు తీశాం" అన్నాకే స్విచ్ వేయాలి. లోపల చెయ్యి పెట్టాలంటే మెయిన్ బ్రేకర్ ఆఫ్. అది కూడా చాలదు. పైకెత్తిన ఆర్మ్ కరెంట్ తీసేస్తే కిందికి పడొచ్చు, సాగదీసిన స్ప్రింగ్ బిగువుగానే ఉంటుంది, న్యూమాటిక్స్ (గాలి ఒత్తిడితో పనిచేసే భాగాలు) ట్యాంకులో గాలి అలాగే ఉంటుంది. ఆర్మ్‌కు ఆసరా పెట్టి, స్ప్రింగ్ వదులు చేసి, గాలి వదిలి, గేజ్ సున్నా చూపించాకే ముట్టుకోవాలి.

ఈ రూల్స్ అన్నీ గాలికి పోయేది పోటీ ముందు రాత్రి. నిద్ర లేదు, టెన్షన్, పని మిగిలే ఉంటుంది. రాత్రి ఎన్ని గంటల తర్వాత కటింగ్, గ్రైండింగ్ ఉండవో సీజన్ మొదట్లోనే తేల్చుకోండి. ఆ రాత్రి చర్చ పెడితే ఎప్పుడూ పనే గెలుస్తుంది. ఆ టైమ్ చూసే బాధ్యత ఒక జూనియర్‌కు ఇవ్వండి. తను "ఆపండి" అంటే కెప్టెన్ కూడా ఆపాలని అందరి ముందూ చెప్పండి, కెప్టెన్ చేతే చెప్పించండి.