అల్లుడొస్తున్నాడని బాత్‌రూమ్‌కి అప్పా?

భీమవరం నుంచి ఒకాయన నవంబర్ మొదట్లో రాశారు. రొయ్యల మేత డీలర్ దగ్గర లెక్కలు చూస్తారు. జీతం 38,000, ఇంటి ఖర్చు 28,000. పదేళ్ల కిందట బాత్‌రూమ్ గోడలకు వేయించిన పీవీసీ ప్యానెళ్లు పసుపెక్కాయి, వెనక నుంచి బూజు వాసన. పెరట్లో ఇంకో బాత్‌రూమ్ ఉంది గానీ పాతది. సంక్రాంతికి కొత్త అల్లుడు వస్తాడు. అన్నీ పీకి టైల్స్ వేయడానికి మేస్త్రి 1,60,000 చెప్పాడు. బ్యాంకులో ఉన్న 45,000లో 40,000 తీసి, మిగతా 1,20,000 తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి తేవచ్చా అని అడిగారు.

వద్దండి.

రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. నెలకు 2,400 కడుతూ పోతే ఏడాదికి 28,800 పోయాక కూడా బాకీ 1,20,000 అలాగే ఉంటుంది. తెలిసినాయన కదా అని వడ్డీ తగ్గదు. ఆలస్యమైతే వీధిలో మొహం చాటేయడం అదనం.

నాకు అంతకంటే కోపం తెప్పించింది ఆ 40,000. పండగల ముందు వచ్చే ఉత్తరాల్లో ఇదే పొరపాటు: అంతా అప్పు కాదుగా, మన డబ్బూ పెడుతున్నాంగా అని ఉన్న కాస్తా ఊడ్చేస్తారు. మీకు మిగిలేది 5,000, అంటే ఐదు రోజుల ఖర్చు. మీ జీతం నిలబడేదేమో రొయ్య ధర మీద. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఎంత టెన్షన్ పడ్డారో మీకు నేను చెప్పాలా? ఆరు నెలల ఖర్చు, 1,68,000, ముట్టుకోకుండా పక్కన ఉండాలి. మేస్త్రి అంకె దాదాపు అంతే, గమనించారా?

పైగా ఆ వాసన పాత ప్యానెల్‌ది కాదు, గోడలో తడిది. మన డెల్టాలో నీళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి పునాది నుంచి చెమ్మ పాకి ఉండొచ్చు, లోపల పైపు కారుతూ ఉండొచ్చు. అది తేలకుండా టైల్స్ వేస్తే చెమ్మ వాటి వెనకే ఉండిపోతుంది. ముందు ఒక్క ప్యానెల్ విప్పించి ప్లంబర్‌కి చూపించండి. గమ్ముతో అతికించినవైతే వాటితో పాటు ప్లాస్టరింగ్ కూడా పెచ్చులుగా ఊడుతుంది. ఆ ఖర్చు 1,60,000లో ఉందో లేదో మేస్త్రిని అడగండి. ఏళ్ల తరబడి పట్టిన చెమ్మకు ఇంటి బీమా డబ్బు ఇవ్వదు. గోడ పడిపోయేలా ఉంటే తప్ప బ్యాంకు బంగారం లోన్ కూడా వద్దు.

ఈ నెల నుంచి నెలనెలా 8,000 బ్యాంకులో వేయండి. లీకు రిపేరుకు 6,000 పోయినా, ఉన్న 45,000తో కలిపి ఏప్రిల్ చివరికి 87,000 అవుతుంది, అంటే మూడు నెలల ఖర్చు. అక్కడి నుంచి నెలనెలా వేసేదాంట్లో సగం ఆ ఆరు నెలల నిధికి, సగం టైల్స్‌కి. ఈ ఎండాకాలం గోడను ఆరనివ్వండి, పై ఎండాకాలానికి షవర్ వైపు గోడకైనా డబ్బు సమకూరుతుంది.

అల్లుడికి ఈ పండక్కి పెరటి బాత్‌రూమ్ సున్నం కొట్టించి, కొత్త బకెట్టు, మగ్గు పెట్టండి.