సీఎస్6లో కొత్త ఇన్‌డిజైన్ ఫైల్ తెరవాలంటే

తమ్ముడు పంపిన ఆహ్వాన పత్రిక ఇన్‌డిజైన్ (పేజీలు డిజైన్ చేసే అడోబీ సాఫ్ట్‌వేర్) ఫైల్ ప్రెస్‌లో తెరుచుకోవడం లేదన్నారు కదా, మీ ఫైల్ పాడవలేదు. బెంగళూరులో మీ తమ్ముడు కొత్త ఇన్‌డిజైన్ సీసీలో సేవ్ చేశాడు, చెన్నై ట్రిప్లికేన్ ప్రెస్‌లో ఉన్నది పాత వెర్షన్ సీఎస్6. పాతది కొత్త ఐఎన్‌డీడీని (ఇన్‌డిజైన్ మామూలుగా సేవ్ చేసే ఫైల్‌ని) చదవలేదు. ఎక్స్‌టెన్షన్ పేరు మార్చినా లాభం లేదు.

1. ఐడీఎంఎల్ (పాత వెర్షన్‌లోనూ తెరుచుకునే ఇన్‌డిజైన్ ఫైల్ రకం) కాపీ కావాలి. దాన్ని ప్రెస్‌లో చేయలేరు, తమ్ముడే కొత్త వెర్షన్‌లో చేయాలి.

2. ఫైల్ మెనూలో సేవ్ యాజ్‌కి వెళ్లి ఐడీఎంఎల్ ఎంచుకుంటే ఫైల్ వస్తుంది కానీ ఫొటోలు, ఫాంట్లు రావు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అందుకే ఫైల్ మెనూలోనే ప్యాకేజ్ నొక్కి, ఫాంట్లు, లింకులు (పేజీలో పెట్టిన ఫొటోలు), ఐడీఎంఎల్ మూడింటికీ టిక్ పెట్టి, ఫోల్డర్ మొత్తం జిప్ చేసి పంపమనండి. అడోబీ వారి ఆన్‌లైన్ ఫాంట్ సేవ అడోబీ ఫాంట్స్ నుంచి యాక్టివేట్ చేసుకున్నవి మాత్రం ఈ ప్యాకేజ్‌లోకి రావు. మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్ వాడితే ఆ గొడవ ఉండదు.

3. ప్రెస్‌లో ముందు ఫాంట్లు ఇన్‌స్టాల్ చేసి, తర్వాత ఐడీఎంఎల్ తెరవాలి. అది పేరులేని డాక్యుమెంట్‌గా తెరుచుకుంటుంది, వెంటనే ఐఎన్‌డీడీగా సేవ్ చేయించండి.

4. వత్తులు విడిపోతే పేరా ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ (తెలుగు లాంటి లిపుల అక్షరాలను సరిగ్గా కూర్చే సెట్టింగ్) పెట్టాలి. లైన్లు జరిగే అవకాశం ఉంది కాబట్టి ముహూర్తం, పేర్లు మళ్లీ చదవండి.

మార్పులేమీ లేకుండా అచ్చుకే అయితే ఇదంతా ఎందుకండీ, ఫాంట్లు లోపలే పొందుపరిచిన (ఎంబెడ్ చేసిన) పీడీఎఫ్ ఇస్తే చాలు.