కౌజు పిట్టలకి నెలనెలా నట్టల మందు వెయ్యాలా?

మీరు అడిగింది ఏంటంటే, గుణుపూర్‌లో ఇంటి వెనకాల ఓ పాతిక కౌజు పిట్టలు పెట్టుకున్నారు, వానలు మొదలయ్యాయి, ఎవరో నెలనెలా ఆల్బెండజోల్, ఆంప్రోలియం రెండూ నీళ్ళల్లో కలిపి పోసెయ్యమన్నారు, పొయ్యొచ్చా అని. వద్దండి. నేను పర్లాకిమిడిలో కొన్నేళ్ళుగా వీటిని పెంచుతున్నాను, మందు వెయ్యనని కాదు, వేస్తాను, కానీ తారీఖు చూసి వెయ్యను. పిట్ట నేల మీదుందా బోనులో ఉందా, వయసెంత, రెట్టలో ఏముంది, ఈ మూడూ చూసే వేస్తాను.

ముందు ఆ రెండు మందులూ వేరే వేరే పనికి. ఆల్బెండజోల్ కడుపులో నట్టలకి. ఆంప్రోలియం కాక్సీకి, అంటే పేగుల్లో చేరి విరేచనాలు తెచ్చే కాక్సిడియాకి, అది పురుగు కాదు, కంటికి కనపడని సూక్ష్మజీవి, ఒకదాని మందు రెండోదానికి పనిచెయ్యదు. పైగా ఆల్బెండజోల్ నీళ్ళల్లో కరగదు, అడుక్కి దిగిపోతుంది, పైన తాగిన పిట్టకి ఏమీ అందదు, అడుగున తాగిన దానికి డోసు ఎక్కువైపోతుంది. దాన్ని కొంచెం మేతలో బాగా కలిపి పొద్దున్నే ఆకలి మీదున్నప్పుడు పెట్టాలి.

వైరు మెష్ బోనులో పెంచి, రెట్ట కింద ట్రేలోకి పడిపోతూ ఉంటే నట్టల గొడవ చాలా తక్కువ. మాంసానికి పెంచేవాటికైతే నాకు అసలు అవసరమే కనపడదు, ఎందుకంటే కోళ్ళల్లో ఏలికపాము గుడ్డు కడుపులోకెళ్ళి పెద్ద పురుగై మళ్ళీ గుడ్లు పెట్టడానికే 5 నుంచి 8 వారాలు పడుతుంది, మన పిట్ట 5, 6 వారాలకే కోతకి వచ్చేస్తుంది. గుడ్లకి ఉంచుకునేవి, నేల మీద ఊకలో తిరిగేవి, నాటుకోళ్ళు తిరిగే పెరట్లోనే ఉండేవి, వీటి సంగతి వేరు. వానపాముల ద్వారా కూడా నట్టలు వస్తాయి, పెంకు పురుగుల ద్వారా బద్దె పురుగులు వస్తాయి, అందుకని నాటుకోళ్ళని, వీటిని ఒకే చోట వదలకండి.

డోసు దగ్గరే చాలామంది పిట్టల్ని చంపుకుంటారు. ఎదిగిన కౌజు ఉంటే 200 గ్రాములు, అంటే పది పిట్టలు కలిపితే ఓ నాటుకోడి బరువు. సీసా మీద కోడికి ఇంత అని రాసుంటే అది పది పిట్టలకన్న మాట, ఒక్క పిట్టకి కాదు. మొత్తం బరువు తూచి, ఆ కాగితం పట్టుకెళ్ళి పశువుల డాక్టరు గారి చేత రాయించుకోండి. పొదగడానికి గుడ్లు తీస్తున్నప్పుడు మాత్రం ఆల్బెండజోల్ జోలికి వెళ్ళొద్దు, అది పిండానికి మంచిది కాదు.

నిజంగా భయపడాల్సింది కాక్సీకి, అదీ 2 నుంచి 4 వారాల పిల్లల్లో, అదీ ఈ వానల్లో. రెట్టతో పడిన కాక్సీ గుడ్డుకి తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించడానికి రెడీ అయిపోతుంది, ఎండిన ఊకలో అంత తేలిగ్గా అవ్వదు. కాబట్టి నీళ్ళ గిన్నె చుట్టూ తడిసిన ఊక ఏ రోజుది ఆ రోజు తీసెయ్యడమే సగం మందు. ఫినాయిల్ పోస్తే దానికి ఏమీ కాదు, మరిగే నీళ్ళు పొయ్యండి, ఎండలో పెట్టండి. నేల మీద పెంచే పిల్లలకి మా డాక్టరు గారు ముందు జాగ్రత్తగా ఆంప్రోలియం 20 శాతం పొడి లీటరు నీళ్ళకి 0.6 గ్రాములు రాస్తారు, జబ్బు కనపడితే 1.2 గ్రాములు, మీ ప్యాకెట్ మీద శాతం వేరే ఉంటే లెక్క మారిపోతుంది. మేత బస్తా మీద కూడా చదవండి, అందులో కాక్సీ మందు ముందే కలిపి ఉంటే మళ్ళీ పొయ్యక్కర్లేదు. ఇంకోటి, ఆంప్రోలియం పోసే రోజుల్లో బి విటమిన్ టానిక్ ఆపెయ్యండి. ఆ మందు విటమిన్ బి1 లాగే ఉండి కాక్సీని మోసం చేసి చంపుతుంది, మీరు టానిక్ పోస్తే దానికి తిండి పెట్టినట్టే.

రెట్ట చూడ్డం అలవాటు చేసుకోండి. మామూలు రెట్ట గట్టిగా ఉండి పైన తెల్ల టోపీలా ఉంటుంది, మధ్య మధ్యలో ముదురు గోధుమ రంగులో, నురగగా, జిగురుగా, బాగా కంపు కొట్టేది ఒకటి వేస్తుంది, అది చూసి బెంగపడిపోకండి, అది మామూలే. రక్తపు చార, నీళ్ళ విరేచనం, పిట్ట ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చోవడం, ఇవీ చూడాల్సినవి. కౌజుల్లో పేగు పుండ్ల జబ్బు ఒకటుంది, అచ్చం కాక్సీ లాగే కనపడుతుంది గానీ అది బ్యాక్టీరియా వల్ల వస్తుంది, ఆంప్రోలియం పోస్తూ కూర్చుంటే పిట్టలు పోతాయి. అందుకే పొద్దున్నే వేసిన తాజా రెట్ట చిన్న డబ్బాలో వేసుకుని అదే రోజు పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. ఉప్పునీళ్ళల్లో కలిపితే నట్టల గుడ్లు పైకి తేలతాయి, మైక్రోస్కోపులో చూసి ఏ పురుగో చెప్పేస్తారు, మందు ఖర్చు కంటే అదే చవక.

ఎర్ర నల్లి సంగతి ఎవరూ చెప్పరు. మన వైపు వెదురు బోన్లు ఎక్కువ కదా, ఆ కణుపుల సందుల్లో పగలంతా దాక్కుంటుంది, రాత్రి వచ్చి రక్తం తాగుతుంది, గుడ్లు తగ్గిపోతాయి, పగలు పిట్ట ఒంటి మీద ఎంత వెతికినా ఒక్కటీ దొరకదు. దీపాలు ఆర్పేశాక టార్చి పట్టుకెళ్ళి తెల్లగుడ్డతో సందుల్లో గట్టిగా తుడవండి, గుడ్డ మీద ఎర్రటి గీతలు పడ్డాయంటే ఉన్నట్టే. పిట్టల్ని వేరే దాంట్లోకి మార్చి సందుల్లో సలసల కాగే నీళ్ళు పొయ్యండి, వారం తిరక్కుండా మళ్ళీ పొయ్యాలి, గుడ్ల నుంచి కొత్తవి వచ్చేస్తాయి. ఖాళీ బోను కూడా నమ్మడానికి లేదు, అవి నెలల తరబడి ఆకలితో బతుకుతాయి. కిరోసిన్ మాత్రం పిట్టలకి రాయకండి. ఓ తట్టలో పొడి ఇసక పెడితే వాటంతట అవే దొర్లి ఒళ్ళు శుభ్రం చేసుకుంటాయి.

మందు వేసిన రోజుల్లో, ఆ తర్వాత సీసా మీద రాసినన్ని రోజులు గుడ్లు తినొద్దు, అమ్మొద్దు. మీవి బోనులో ఉన్నాయా నేల మీదా, వయసెంత, రెట్ట ఎలా ఉందో రాయండి, చూసి చెప్తాను.