ఉన్న ఫైల్ సర్వర్‌నే డొమైన్ కంట్రోలర్‌గా మార్చొచ్చా? కుదురుతుంది, కానీ మార్చకండి

మీ ప్రశ్న ఇదీ: లినక్స్ మీద సాంబా (లినక్స్ మెషీన్ విండోస్ కంప్యూటర్లతో ఫైళ్లు పంచుకునేలా చేసే సాఫ్ట్‌వేర్) ఫైల్ సర్వర్ ఒకటి బాగానే నడుస్తోంది, ఇప్పుడు ఆఫీసులో ఉన్న విండోస్ కంప్యూటర్లన్నిటికీ ఒకే లాగిన్ కావాలి, అదే సర్వర్‌ని డొమైన్ కంట్రోలర్‌గా, అంటే అందరి లాగిన్లనూ ఒకచోట చూసుకునే సర్వర్‌గా చేయాలంటే కాన్ఫిగ్ ఫైల్లో ఏ లైన్లు మార్చాలి?

లైన్లు మార్చితే అయ్యే పని కాదండీ ఇది. 2012 డిసెంబర్‌లో సాంబా 4.0 వచ్చినప్పటి నుంచి సాంబా యాక్టివ్ డైరెక్టరీ (యూజర్లు, కంప్యూటర్ల వివరాలను ఒకచోట ఉంచే మైక్రోసాఫ్ట్ పద్ధతి) డొమైన్ కంట్రోలర్‌గా పనిచేయగలదు, అందులో అనుమానం లేదు. కానీ దానికి 'సాంబా-టూల్ డొమైన్ ప్రొవిజన్' అనే కమాండ్ నడపాలి. అది కొత్త డైరెక్టరీ డేటాబేస్ కడుతుంది, లాగిన్లను సరిచూసే కెర్బరోస్ పెడుతుంది, పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్‌కి జోన్లు సృష్టిస్తుంది, కాన్ఫిగ్ ఫైల్ కూడా తనే కొత్తగా రాసుకుంటుంది. అందుకే అది నడిపే ముందు పాత కాన్ఫిగ్ ఫైల్ని పక్కకు తీసేయమంటారు. అంటే ఇన్నాళ్లూ మీరు ఒక్కో ఫోల్డర్‌కీ చూసి చూసి రాసుకున్న షేర్లన్నీ మళ్లీ రాసుకోవాలి, యూజర్లను మళ్లీ సృష్టించుకోవాలి. నడుస్తున్న ఫైల్ సర్వర్‌కి ఇది చిన్న మార్పు కాదు, దాదాపు గుండె మార్చడమే.

ఇంతకీ మీరు 'ఏ లైన్లు' అని అడిగారంటే ఎక్కడో పాత గైడ్ చదివే ఉంటారు. 'డొమైన్ లాగాన్స్ = యెస్', 'డొమైన్ మాస్టర్ = యెస్' అని నాలుగు లైన్లు పెట్టి అయిపోయింది అనే గైడ్లు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. నాకు వీటి మీద నిజంగా కోపం. ఆ లైన్లతో వచ్చేది ఎన్‌టీ4 అనే పాత విండోస్ కాలపు డొమైన్. మైక్రోసాఫ్ట్ వాళ్లే విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ తెచ్చి ఆ పద్ధతిని వెనక్కి నెట్టేశారు. విండోస్ 7ని అలాంటి డొమైన్‌లో చేర్చాలంటేనే రిజిస్ట్రీలో వేలు పెట్టాల్సి వచ్చేది, విండోస్ 10కి వచ్చేసరికి ఫైళ్లు పంచుకునే పాత ఎస్ఎంబీ1 ప్రోటోకాల్‌ని కూడా మళ్లీ తెరవాలి. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై ప్రపంచమంతా పాకింది ఆ ఎస్ఎంబీ1లోని లోపం పట్టుకునే. అది తెరిచి, దాని మీద ఆఫీసు మొత్తం పాస్‌వర్డ్‌లు పెట్టమని చెప్పే గైడ్‌ని ఎవరైనా పంపితే చదవకండి, తేదీ చూసి మూసేయండి.

సరే, కొత్త పద్ధతిలోనే చేద్దాం, కానీ ఉన్న మెషీన్ మీదే చేద్దాం అంటారా? వద్దు అని నేను ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్తాను.

ఒక ఆఫీసులో సరిగ్గా మీరు అనుకుంటున్నట్టే చేశారు. ఒకే సర్వర్, ఒకే పెద్ద డిస్క్, దాని మీదే ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీదే షేర్డ్ ఫోల్డర్లు, దాని మీదే డైరెక్టరీ డేటాబేస్. విడిగా పార్టిషన్ లేదు, ఫోల్డర్లకు కోటా లేదు. చాలాకాలం ఏ గొడవా లేకుండా నడిచింది, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు డిజైన్ టీమ్ వాళ్లు పాత ప్రాజెక్టుల వీడియోలన్నీ బ్యాకప్ కోసమని షేర్ మీదికి కాపీ చేయడం మొదలుపెట్టి రాత్రంతా వదిలేశారు. తెల్లారేసరికి డిస్క్ నిండిపోయింది. ఉత్త ఫైల్ సర్వర్ అయితే 'స్థలం లేదు' అని వస్తుంది, ఎవరో కొన్ని ఫైళ్లు తీసేస్తారు, అయిపోతుంది. ఇక్కడ డైరెక్టరీ డేటాబేస్‌కి కూడా రాసుకోవడానికి చోటు లేకుండా పోయింది. సాంబా డొమైన్‌లో పాస్‌వర్డ్ గడువు మనం మార్చకపోతే 42 రోజులు. ఆ పొద్దున్నే అకౌంట్స్ మేడమ్ గారి గడువు అయిపోయింది, కొత్త పాస్‌వర్డ్ పెట్టబోతే తీసుకోవడం లేదు. ఆవిడ తన వల్లే ఏదో తప్పు జరిగిందనుకుని మార్చి మార్చి ప్రయత్నిస్తున్నారు. అదే రోజు కొత్తగా చేరిన అబ్బాయి కంప్యూటర్‌ని డొమైన్‌లో చేర్చబోతే అదీ ఫెయిల్. మిగతా వాళ్లంతా మామూలుగా లాగిన్ అయిపోయారు, ఎందుకంటే విండోస్ పాత లాగిన్ వివరాలను లోపల దాచుకుని కంట్రోలర్ పలక్కపోయినా లోపలికి రానిస్తుంది. దాంతో 'సర్వర్ బానే ఉంది, ఆ ఇద్దరి కంప్యూటర్లే పాడయ్యాయి' అని తేల్చేశారు. ఈ దాచుకున్న లాగిన్ వల్ల ఎంతమంది ఎన్ని గంటలు తప్పు చోట వెతికారో!

తర్వాత ఎవరో ఓపిక పోయి సర్వర్ పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి మళ్లీ ఆన్ చేశారు. నాకు ఫోన్ వచ్చింది ఆ తర్వాతే. నేను వెళ్లేసరికి స్క్రీన్ మీద ఫైల్‌సిస్టమ్ చెక్ నడుస్తోంది. అంత పెద్ద డిస్క్, నిండా ఫైళ్లు, ఎప్పటికి అవుతుందో చెప్పలేం, మధ్యలో ఆపకూడదు. ఈలోగా ఆఫీసులో ఇంటర్నెట్ లేదు. లైన్ బాగానే ఉంది, కానీ డొమైన్‌లో ఉన్న ప్రతి కంప్యూటర్ డీఎన్ఎస్ కోసం ఆ ఒక్క సర్వర్‌నే అడుగుతుంది కదా, అది పడుకుంటే ఏ వెబ్‌సైట్ పేరూ తెరుచుకోదు. షేర్డ్ డ్రైవ్‌లు లేవు, పేరుతో పెట్టుకున్న ప్రింటర్లు లేవు. మేనేజర్ గారు నా వెనకే నిలబడి ఎంతసేపండీ, ఎంతసేపండీ అంటున్నారు, నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఆ టెన్షన్ నేను మర్చిపోలేను.

అక్కడితో అయిపోలేదు. ఇంటర్నెట్ అన్నా రావాలని అక్కడి వాళ్లు ప్రతి కంప్యూటర్లోనూ రెండో డీఎన్ఎస్‌గా రౌటర్ అడ్రస్ పెట్టేశారు. ఇంటర్నెట్ వచ్చింది, అందరూ సంతోషించారు. సాయంత్రానికి చెక్ పూర్తయి సర్వర్ లేచింది, వీడియోలు తీసేశాం, పాస్‌వర్డ్ మారింది, అంతా సర్దుకుంది అనుకున్నాం. మర్నాటి నుంచి కొత్త జబ్బు. ఒక కంప్యూటర్‌కి పొద్దున డొమైన్ దొరుకుతుంది, మధ్యాహ్నం దొరకదు. పక్క కంప్యూటర్‌కి సరిగ్గా ఉల్టా. కారణం ఆ రెండో డీఎన్ఎస్సే. మొదటి డీఎన్ఎస్ ఒక్క క్షణం ఆలస్యంగా పలికినా విండోస్ రెండోదాని వైపు వెళ్లి కాసేపు దాన్నే పట్టుకుని ఉంటుంది. డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందో చెప్పే ఎస్ఆర్‌వీ రికార్డులు మన సర్వర్‌లోనే ఉంటాయి, రౌటర్‌కి వాటి సంగతే తెలియదు, అలాంటి పేరే లేదని జవాబిస్తుంది. 'లేదు' అనేది కూడా జవాబే కాబట్టి విండోస్ ఇంకొకరిని అడగదు. డొమైన్‌లో ఉన్న కంప్యూటర్‌కి బయటి డీఎన్ఎస్ అడ్రస్ రెండోదిగా కూడా పెట్టకూడదు. బయటి పేర్లు కావాలంటే సాంబా కాన్ఫిగ్‌లో 'డీఎన్ఎస్ ఫార్వర్డర్' అని ఒక లైన్ ఉంది, దాంట్లో పెట్టాలి. ఈ ఒక్క విషయం తెలిస్తే డొమైన్ సమస్యల్లో సగం రావని నా గట్టి నమ్మకం.

ఇంత గొడవా ఎవరో వీడియోలు కాపీ చేసినందుకు! వాళ్ల తప్పేముంది అందులో? ఫైల్ సర్వర్ ఉన్నదే ఫైళ్లు పెట్టుకోవడానికి. నిండడం, వైరస్ స్కాన్లతో బరువెక్కడం, డిస్క్ పెంచాలంటే ఆపడం, ఇవన్నీ దాని జీవితంలో మామూలు. డొమైన్ కంట్రోలర్ అలా కాదు, అది ఎప్పుడూ కదలకుండా కూర్చోవాలి. ఈ రెంటినీ ఒకే పెట్టెలో పెడితే ఒకదాని మామూలు రోజు ఇంకోదానికి విపత్తు అవుతుంది.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు, కంట్రోలర్‌ని ఫైల్ సర్వర్‌గా వాడొద్దని సాంబా బృందమే తమ డాక్యుమెంటేషన్‌లో చెబుతుంది. కారణాలు సాంకేతికంగా కూడా ఉన్నాయి. కంట్రోలర్‌గా నడిచే సాంబా ప్రతి ప్యాకెట్‌కీ సైనింగ్ (దారిలో ఎవరూ మార్చలేదని చూపే ముద్ర) తప్పనిసరి చేస్తుంది, పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు ఆ బరువు తెలుస్తుంది. కంట్రోలర్ మీద షేర్లకు పర్మిషన్లు విండోస్ ఏసీఎల్ (ఎవరికి ఏ అనుమతి ఉందో చెప్పే జాబితా) పద్ధతిలోనే పెట్టాలి, లినక్స్ వైపు నుంచి గ్రూపులతో సర్దుకునే అలవాటు అక్కడ చెల్లదు. మామూలుగా వదిలేస్తే యూజర్ ఐడీలను కంట్రోలర్ 30 లక్షల నుంచి మొదలుపెట్టి తనకు తోచిన వరుసలో ఇస్తుంది, రెండో కంట్రోలర్ మీద అదే మనిషికి వేరే నంబర్ రావచ్చు. ఇప్పుడు మీ డిస్క్ మీద ఉన్న ఫైళ్లన్నీ పాత నంబర్ల పేరు మీద ఉన్నాయి. ఎవరి ఫైల్ ఎవరిదో తేల్చుకోవడానికే మీ ఓపిక మొత్తం అయిపోతుంది, చివరికి ఎవరో వచ్చి అన్నిటికీ 777, అంటే అందరికీ అన్ని అనుమతులూ పెట్టేసి వెళ్తారు. ఆ 777 చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, జీతాల ఫైలు కూడా అందరికీ తెరిచి ఉంటుంది.

అప్‌డేట్ల సంగతి ఇంకోటి. 2023 జూలైలో విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత సాంబా డొమైన్లలో ఉన్న కంప్యూటర్లకు కంట్రోలర్‌తో నమ్మక సంబంధం దెబ్బతింది. సాంబా వాళ్లు వెంటనే 4.18.5, ఇంకా పాత వరుసలకు కూడా సవరణలు విడుదల చేశారు. అలాంటి రోజున కంట్రోలర్ విడిగా ఉంటే గంటలో అప్‌డేట్ చేసి లేపొచ్చు. ఫైల్ సర్వర్ కూడా అదే అయితే? 'ఫైళ్లు తెరిచి ఉన్నాయి, ఇప్పుడు వద్దు, నెలాఖరు అయ్యాక చూద్దాం' అంటారు. ఆ నెలాఖరు ఎప్పటికీ రాదు.

ఇక ఏం చేయాలంటే, ఒక చిన్న వర్చువల్ మెషీన్ (వీఎం, అంటే ఒక కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) పెట్టండి. చిన్న ఆఫీసుకి 2 జీబీ మెమరీ చాలు, డిస్క్ కూడా పెద్దది అక్కర్లేదు. మెషీన్ ఒకటే ఉందంటే దాని మీదే వర్చువలైజేషన్ వేసి కంట్రోలర్ ఒక వీఎం, ఫైల్ సర్వర్ ఇంకో వీఎం చేయండి, అప్పుడు కనీసం ఒకరి డిస్క్ ఒకరు తినరు. డెబియన్ లేదా ఉబుంటు వాడండి, ఎందుకంటే రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో వచ్చే సాంబా ప్యాకేజీలో ఈ కంట్రోలర్ భాగం ఉండదు, చాలామంది అక్కడే ఒక రోజు పోగొట్టుకుంటారు.

పేరు జాగ్రత్త. డాట్ లోకల్ అని పెట్టకండి, అది ఎండీఎన్ఎస్ (లోకల్ నెట్‌వర్క్‌లో కంప్యూటర్లు ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునే పద్ధతి) వాడుకునే పేరు, గొడవ పడుతుంది. మీ కంపెనీకి సొంత డొమైన్ పేరు ఉంటే దాని ముందు 'ఏడీ' అని చేర్చిన సబ్‌డొమైన్ పెట్టుకోండి. నెట్‌బయాస్ పేరు, అంటే డొమైన్ పొట్టి పేరు 15 అక్షరాలు దాటకూడదు. ఇవి తర్వాత మార్చడం అంటే దాదాపు మళ్లీ మొదటి నుంచి కట్టడమే, కాబట్టి కాస్త ఆలోచించి పెట్టండి. కంట్రోలర్‌కి స్టాటిక్ ఐపీ ఇవ్వండి, హోస్ట్స్ ఫైల్లో దాని పేరు 127తో మొదలయ్యే అడ్రస్‌కి కాకుండా ఆ ఐపీకి చూపించాలి, డెబియన్ ఇన్‌స్టాలర్ 127.0.1.1 పెట్టేసి ఉంటుంది, మార్చండి. ఉబుంటులో సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ అనే సర్వీసు డీఎన్ఎస్ వాడే 53వ పోర్టును ముందే పట్టుకుని ఉంటుంది, దాన్ని ఆపితే గానీ సాంబా డీఎన్ఎస్ సరిగా లేవదు. ప్రొవిజన్ అయ్యాక పాత ఎస్ఎంబీడీ, ఎన్ఎంబీడీ, విన్‌బైండ్ సర్వీసులను విడివిడిగా నడపకూడదు, 'సాంబా-ఏడీ-డీసీ' ఒక్కటే నడవాలి, మిగతావి కావాల్సినప్పుడు అదే లేపుకుంటుంది. గడియారం కూడా చూసుకోండి, కెర్బరోస్ 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది, క్రోనీ అనే టైమ్ సర్వీసు పెట్టి కంట్రోలర్ టైమ్ సరిగ్గా ఉంచండి. కంప్యూటర్లకు ఐపీలు పంచే డీహెచ్‌సీపీలో డీఎన్ఎస్‌గా ఈ కంట్రోలర్ అడ్రస్ ఒక్కటే ఇవ్వండి.

అప్పుడు మీ ఫైల్ సర్వర్‌ని ఈ డొమైన్‌లో మెంబర్‌గా చేర్చండి. మీరు అడిగిన 'లైన్లు మార్చడం' నిజంగా ఉండేది ఇక్కడే: 'సెక్యూరిటీ = ఏడీఎస్', రెల్మ్ (కెర్బరోస్ వాడే డొమైన్) పేరు, ఐడీ మ్యాపింగ్ (డొమైన్ యూజర్లకు లినక్స్ నంబర్లు ఇచ్చే) లైన్లు. ఐడీ మ్యాపింగ్‌కి 'రిడ్' పద్ధతి తీసుకోండి, రేంజ్ ఒకటే ఉంచితే ఏ మెంబర్ మీదైనా ఒక మనిషికి ఒకే నంబర్ వస్తుంది. మీ షేర్లు చాలావరకు అలాగే ఉంటాయి, ఫైళ్ల ఓనర్లను మాత్రం కొత్త యూజర్లకు ఒకసారి మార్చాలి.

వీలైతే రెండో కంట్రోలర్ కూడా పెట్టండి, వేరే మెషీన్ మీద. అప్పుడు డీహెచ్‌సీపీలో రెండో డీఎన్ఎస్‌గా దాని అడ్రస్ ఇవ్వొచ్చు, అది ఇవ్వడం తప్పు కాదు, దానికి డొమైన్ తెలుసు కాబట్టి. డొమైన్ పాలసీలు ఉండే సిస్‌వాల్ ఫోల్డర్ మాత్రం సాంబా తనంతట తాను రెండో దానికి పంపదు, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌తో మీరే చూసుకోవాలి. బ్యాకప్‌కి 'సాంబా-టూల్ డొమైన్ బ్యాకప్' వాడండి. వీఎం స్నాప్‌షాట్ ఉంది కదా అని పాత దానికి వెనక్కి వెళ్లకండి, రెండు కంట్రోలర్లు ఉన్నప్పుడు ఒకటి కాలంలో వెనక్కి పోతే రెంటి లెక్కలూ కలవవు, ఆ చిక్కు విప్పడం చాలా కష్టం. యూజర్లను చూసుకోవడానికి ఒక విండోస్ కంప్యూటర్లో ఆర్‌సాట్ టూల్స్ వేసుకోండి, అన్నీ కమాండ్లతో చేయనక్కర్లేదు. అందరినీ డొమైన్ అడ్మిన్స్ గ్రూపులో మాత్రం పడేయకండి, మేనేజర్ గారు అడిగినా సరే.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి విండోస్ ఎడిషన్ చూడండి. హోమ్ ఎడిషన్ ఏ డొమైన్‌లోనూ చేరదు, ప్రో లేదా ఆపై ఎడిషన్లే చేరతాయి. మీ దగ్గర సగం హోమ్ ఉంటే ముందు ఆ లైసెన్సుల సంగతి మేనేజ్‌మెంట్‌తో తేల్చుకుని అప్పుడు సర్వర్ ముట్టుకోండి.